కుమ్ములో మగ్గిన పిక్కలు

మాంసం కూరలో పిక్కలు కనిపిస్తే తెలుగు విందుల్లో ఒక చిన్నచూపు ఉంది. గోంగూర వేస్తే రుచి కోసం వేశారంటాం. చింతచిగురు వేస్తే కాలానికి తగ్గ వంట అంటాం. చిక్కుడు పిక్కలో శనగపప్పో వేస్తే మాత్రం "జనం ఎక్కువయ్యారు, మాంసం చాలలేదు" అని మనసులో లెక్క కట్టేస్తాం. హైదరాబాదు దాల్చాకి ఈ నింద తగలదు, బిరియానీ పక్కన కూర్చుంటుంది కాబట్టి. రాయలసీమలో పితికిపప్పు వేసి వండే మాంసానికీ తగలదు, చలికాలంలో అనపకాయ దొరకడమే అక్కడివాళ్లకి సంబరం కాబట్టి. మిగతా చోట్ల పిక్కలంటే సర్దుబాటు.

కొరాపుట్, రాయగడ కొండల్లో ఈ లెక్క తలకిందులు. అక్కడ పిక్కలే కూర, మాంసం దానికి పట్టించే రుచి. ఉన్న నాలుగు ముక్కలూ ఇంటిల్లిపాదికీ అందాలన్న తెలివి ఆ వంటలో లేకపోలేదు. కానీ రుచి ఆ తెలివి దగ్గరే ఆగిపోదు. రాత్రంతా నిప్పుల్లో మగ్గిన పిక్క మాంసం రసాన్ని తాగి, పైతొక్క చిట్లకుండా లోపల వెన్నలా మారితే, ముక్క కోసం గరిటె తిప్పే చెయ్యి దానంతట అదే ఆగుతుంది.

జనవరిలో, సంక్రాంతి హడావుడి సర్దుమణిగాక, విశాఖ నుంచి కిరండూల్ పాసింజరు ఎక్కాను. బైలదిలా ఇనప రాయిని ఓడరేవుకి దించి జపానుకి పంపడానికి 1960ల్లో వేసిన లైను ఇది. అరకు వరకు పెట్టె నిండా పర్యాటకులే. వాళ్లు దిగిపోయాక ఆ జాగాలో బస్తాలు, కోళ్లు, నెత్తిన మూటలతో ఆడవాళ్లు ఎక్కారు, మాట కూడా మారింది. అక్కణ్ణించి వినపడేది దేశియా, అంటే ఈ కొండల్లో అందరికీ అందరితో పనికొచ్చే ఒడియా. మధ్యమధ్యలో సాలూరు యాస తెలుగు. వలిసె పూల కాలం అయిపోయింది, చేలన్నీ మోడులు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడి రాష్ట్రమయ్యేదాకా ఈ నేలంతా విశాఖపట్నం జిల్లాలోదే. ఆ సంగతి చెప్పకపోయినా సంతలో బేరాలు వింటే తెలిసిపోతుంది.

శుక్రవారం కుందులి సంత. సెమిలిగుడ దాటాక, పొట్టంగి దారిలో. అల్లం బస్తాలు ఒక పక్క, చిలగడదుంపలు ఒక పక్క, నేల మీద గోనె పరిచి కూర్చున్న పరజ, గదబ, కోంధు ఆడవాళ్లు ఒక పక్క. నేను వెళ్లింది పిక్కల కోసం. అన్ని రంగుల చిక్కుడు పిక్కలు ఒకే చోట అంతవరకు చూడలేదు. తెల్లవి, నల్లవి, ఇటుక రంగువి, గోధుమ రంగు మీద చుక్కలున్నవి. వాటి పక్కన బొబ్బర్లు, కొండ కందులు, ఉలవలు. ఒక మూల ఎర్రటి రాజ్మా.

ఈ వైవిధ్యం అలంకారం కాదు. పోడులో చోళ్లు, సామలు, జొన్నలు, కందులు, బొబ్బర్లు, చిక్కుళ్లు కలిపి జల్లుతారు. చోళ్లు, సామలు ముందు కోతకొస్తాయి, ఆ తర్వాత బొబ్బర, చలికాలంలో చిక్కుడు, చివరికి కంది. ఒకటి పోయినా ఇంకొకటి నిలుస్తుంది. ఏ నెలకా నెల కుండలో వేసుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది. పప్పుజాతి మొక్కలు గాలిలోని నత్రజనిని వేళ్ల బుడిపెల్లో పట్టి పెడతాయి కాబట్టి నేలకీ కొంత బలం. కొరాపుట్ సంప్రదాయ వ్యవసాయాన్ని 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ప్రపంచ వ్యవసాయ వారసత్వాల్లో ఒకటిగా గుర్తించింది. ఆ గుర్తింపులో పెద్దపేరు ఇక్కడి వరి రకాలదే. పత్రపుట్‌కి చెందిన కమలా పుజారికి 2019లో పద్మశ్రీ వచ్చిందీ వరి విత్తనాలు కాపాడినందుకే. పిక్కల గురించి అంత గట్టిగా మాట్లాడినవాళ్లు తక్కువ. వరికి పండగలున్నాయి, పిక్కకి పొయ్యి మాత్రమే ఉంది అనబోయాను గానీ అదీ నిజం కాదు. ఈ కొండల నుంచి శ్రీకాకుళం, తూర్పుగోదావరి మన్యాల దాకా కొత్త చిక్కుడుకి, కొత్త కందికి పండగ చేసి, దేవతకి పెట్టాకే నోట్లో పెట్టుకునే అలవాటు సవరల్లో, కొండరెడ్లలో, కోయల్లో ఉంది.

రాజ్మా మాత్రం అతిథి. అనుము, ఉలవ మన నేల మీద ఎంత పాతవంటే బళ్లారి దగ్గరి నవీన శిలాయుగపు దిబ్బల్లోనే వాటి గింజలు బయటపడ్డాయి. రాజ్మా అమెరికా ఖండాల్లో పుట్టి, పోర్చుగీసు వాళ్లు వచ్చాక ఏదో దారిన మన దాకా చేరింది. ఇప్పుడు చింతపల్లి, పాడేరు మన్యంలో అది రబీ పంట, గిరిజన సహకార సంస్థ కొంటుంది. అమెరికా వాళ్లు మాంసంతో, తీపితో గంటల తరబడి ఉడికించి విందులకి మోసుకెళ్లే బీన్స్ కూడా ఈ జాతివే, కాకపోతే గింజ చిన్నది, తెల్లది.

రాజ్మాతో ఒక జాగ్రత్త ఉంది, నిప్పుల్లో నిదానంగా వండాలనుకునేవాళ్లు తప్పక తెలుసుకోవాల్సింది. పచ్చి గింజలో ఫైటోహీమగ్లుటినిన్ అనే విషపదార్థం ఉంటుంది. నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో కళపెళా కనీసం పది నిమిషాలు, అనుమానముంటే అరగంట మరిగిస్తే అది చచ్చిపోతుంది. మరగకుండా సన్నని వేడి మీదే గంటలు గంటలు పెడితే చావదు సరికదా, పచ్చి గింజ కంటే ఎక్కువ ప్రమాదం చేస్తుంది. వాంతులతో మంచం పట్టిస్తుంది. ఎండు చిక్కుడు పిక్కలకీ మొదటి నీళ్లు మరిగించి పారబోయడమే పద్ధతి. ఆ చేదూ, కొంత విషగుణమూ నీళ్లతో పోతాయి. ఈ కొండల ఆడవాళ్లు ఆ రసాయనాల పేర్లు విని ఉండరు, నీళ్లు మాత్రం పారబోస్తారు.

నేను చుక్కల చిక్కుడు పిక్కలు రెండు కిలోలు తీసుకున్నాను, రాజ్మా ఒక కిలో. పిక్క పాతదో కొత్తదో తెలియకుండా కొనకూడదు. ఏడాది దాటి, వేడికీ తేమకీ మూలపడ్డ గింజ ఎంత కట్టె కాల్చినా ఉడకదు, కణాల మధ్య జిగురు మొండికేస్తుంది. పక్కన ఎండుచేపలు అమ్ముతున్న సాలూరు వర్తకుడు నా తరఫున అడిగిపెట్టాడు. "కొత్తవేనండీ, మొన్న కోసి ఎండేసినవే. విత్తనానికి తీసుకున్నవి ఇవి కాదంట, అవి అమ్మదంట." విత్తనం పిక్కలు బూడిద కలిపి ఎండు ఆనపబుర్రలో పోసి పొయ్యి మీద వేలాడదీస్తారు. పొగ తగిలిన గింజకి పురుగు పట్టదు.

ఆ రాత్రి కొరాపుట్‌లో దిగిన చోట పిక్కలు నానబోశాను. లీటరు నీళ్లకి పెద్ద చెంచాడు ఉప్పు. "ఉప్పు ముందే వేస్తే గింజ ఉడకదు" అన్న మాట మనలో గట్టిగా నాటుకుపోయింది. నిజానికి అడ్డం పడేది ఉప్పు కాదు, పులుపు. నానేటప్పుడు ఉప్పు పైతొక్కలోని కాల్షియాన్ని కొంత తప్పించి తొక్కని మెత్తబరుస్తుంది. చింతపండు, టమాటా అందుకు పూర్తిగా వ్యతిరేకం, ముందే వేస్తే తొక్క బిగుసుకుపోతుంది. అందుకే పులుపు ఎప్పుడూ ఆఖర్న.

కొరాపుట్‌లోనే వండేద్దామని ఒక ఆలోచన వచ్చింది గానీ ఎత్తు అడ్డం. ఊరు సుమారు 870 మీటర్ల మీద ఉంది. సముద్రమట్టం నుంచి మూడొందల మీటర్లు ఎక్కినప్పుడల్లా నీళ్లు మరిగే వేడి ఒక డిగ్రీ చొప్పున తగ్గుతుంది కాబట్టి ఇక్కడ 97 దగ్గరే తెర్లుతాయి. ఒడిశాలోకెల్లా ఎత్తైన దేవ్‌మాలి, 1672 మీటర్లు, ఇక్కడికి దగ్గర్లోనే ఉంది. జనవరిలో కుర్రకారు ఆ శిఖరం మీద గుడారాలు వేసుకుని వంటలు పెట్టుకుంటారు. అక్కడ నీళ్లకి 95 డిగ్రీలు కూడా అందవు. కోడిమాంసం ఉడుకుతుంది, ఎండు పిక్క ఓ పట్టాన ఉడకదు. రాయగడ కిందనుంది, రెండొందల మీటర్ల పైచిలుకు. ఆ తేడా థర్మామీటరు మీద రెండు మూడు డిగ్రీలే, పొయ్యి దగ్గర మాత్రం మోపెడు కట్టెలు.

కాబట్టి పిక్కలు రైలెక్కాయి. నీళ్లు వంపేసి, తడిగుడ్డలో మూటగట్టి, మూత ఉన్న ప్లాస్టిక్ బకెట్టులో పెట్టాను. ఎదురుగా కూర్చున్న పెద్దాయన బకెట్టులో చేపపిల్లలున్నాయా అని అడిగాడు. పిక్కలన్నాక ఆయన ఆసక్తి పోయింది.

కొరాపుట్–రాయగడ లైను 1998 చివరికి గానీ పూర్తికాలేదు. డమన్‌జోడి దగ్గర అల్యూమినా కర్మాగారం పొగ, కాకిరిగుమ్మ, లక్ష్మీపూర్ రోడ్, వంతెన మీద వంతెన. టికిరి వచ్చేసరికి మాత్రం కిటికీలోంచి చూడటం కష్టమనిపించింది. ఇది కాశీపూర్ బ్లాకు. బాక్సైటు గొడవల్లో 2000 డిసెంబరులో మైకంచ్ ఊళ్లో పోలీసు కాల్పులకి ముగ్గురు ఆదివాసులు చనిపోయింది ఇక్కడే. మరుసటి ఏడు మామిడి టెంకల జావ తాగి జనం చనిపోయిందీ ఇక్కడే. అది ఆకలిచావా విషాహారమా అని అప్పట్లో పెద్ద వాదన నడిచింది. టెంకలోని జీడిని దంచి నానబెట్టి తినడం ఇక్కడ పాత అలవాటు. వానలకి బూజు పట్టిన దాన్ని కూడా తినాల్సి రావడం అలవాటు కాదు, గత్యంతరం లేకపోవడం. ఆనపబుర్రలో పిక్కలు అయిపోయే నెలలు, కొత్త పంట చేతికి రాని నెలలు, ఈ కొండల్లో ఏటా వస్తాయి. నిండు కుండ గురించి రాసేవాళ్లు ఆ నెలల్ని దాటేసి రాయకూడదు. 2017లో మొదలైన ఒడిశా చిరుధాన్యాల పథకం ఈ రెండు జిల్లాల్లోనూ చోళ్లని మళ్లీ చేనుకీ రేషను దుకాణానికీ తెచ్చింది. పిక్కలకి అలాంటిది ఒకటి వస్తే బాగుణ్ణు.

రాయగడలో స్టేషను దిగగానే తెలుగు. ఆటోలో తెలుగు, మందుల దుకాణంలో తెలుగు, మజ్జిగౌరమ్మ గుడి దగ్గర కొబ్బరికాయల బేరం తెలుగు. పార్వతీపురం, బొబ్బిలి నుంచి పిల్లనిచ్చి పుచ్చుకునే ఊరు ఇది. 1992 అక్టోబరు 2న విడి జిల్లా అయినా చుట్టరికాల పటం మారలేదు. నేను వెళ్లింది నా స్నేహితుడి అక్కగారింటికి. ఆవిడ నాకూ పెద్దక్కే. మర్నాడు ఆదివారం నాగావళి ఒడ్డున హాతీపత్థర్ దగ్గర పిక్నిక్. ఇరుగుపొరుగుతో కలిపి పాతికమంది.

మాంసం తెచ్చి రాత్రికే పిక్కలతో కలిపి నిప్పుల్లో పెట్టేద్దామన్న నా పథకం వాకిట్లోనే ఆగిపోయింది. పెద్దక్క అత్తగారు, మాకందరికీ పెద్దమ్మగారు, అరుగు మీద కూర్చుని ఉన్నారు.

"ఇయ్యాల శనివారం బాబూ. నీచు గడప తొక్కదు. పిక్కలంటావా, రేత్రంతా ఉడకెట్టుకో, ఎవులొద్దన్నారు?"

వెంకటేశ్వరుడి వారం. దానికి తిరుగులేదు. విచిత్రం ఏమిటంటే ఆ అమెరికా బీన్స్‌లో పేరున్న బోస్టన్ బీన్స్‌ని తయారుచేసిందీ ఒక శనివారమే. పదిహేడో శతాబ్దంలో ఇంగ్లండు నుంచి వెళ్లి అక్కడ స్థిరపడ్డ ప్యూరిటన్లకి శనివారం పొద్దుగుంకింది మొదలు ఆదివారమంతా పని నిషిద్ధం, పొయ్యి రాజేయడంతో సహా. శనివారం పగలే బీన్సు, ఉప్పులో ఊరిన పందిమాంసం, చెరకు మడ్డి కుండలో వేసి వేడి పొయ్యిలో పెట్టేసేవాళ్లు. రాత్రికీ మర్నాటికీ అదే భోజనం. ఆ గింజా, దాన్ని భూమిలో గొయ్యి తీసి నిప్పుల మధ్య పాతిపెట్టి వండే విద్యా అక్కడి ఆదివాసులవి. చెరకు మడ్డి కరేబియన్ తోటల్లో బానిసల చెమట. 1895లో హైంజ్ కంపెనీ ఆ కుండని డబ్బాలోకి దించింది. డబ్బాలో మాంసం పేరుకే మిగిలి, కొన్నాళ్లకి అదీ పోయింది. వాళ్లకి శనివారం పొయ్యి వద్దు, మాకు శనివారం మాంసం వద్దు. రెండు నియమాలూ చివరికి పిక్కకే కలిసొచ్చాయి, రాత్రంతా తీరిగ్గా మగ్గడానికి.

పెరట్లో గాడిపొయ్యి తవ్వి ఉంది. పిక్కల్ని ముందు పెద్ద మంట మీద ఇరవై నిమిషాలు తెర్లించి ఆ నీళ్లు పారబోశాం. తర్వాత మట్టికుండలోకి మార్చి, నిలువుగా చీల్చిన ఉల్లిపాయలు, దంచిన అల్లం, రెబ్బలు విడదీయని వెల్లుల్లి రెండు గడ్డలు, పసుపు, పచ్చిమిరపకాయలు, ఉప్పు. పెద్దక్క ఆవనూనెలో ఐదు దినుసుల పోపు పెట్టింది. మెంతులు, జీలకర్ర, సోంపు, ఆవాలు, నల్లజీలకర్ర కలిపిన ఒడియా పోపు అది. పెళ్లై ఈ ఊరొచ్చాక పొరుగింటి నుంచి నేర్చుకుందట. వేడినీళ్లు పిక్కల మీద నాలుగు వేళ్లు నిలిచేదాకా పోసి, మూకుడు మూసి, అంచు చుట్టూ పిండి మెత్తింది.

మంట తీసేశాక మిగిలిన కుమ్ములో కుండని మెడ దాకా దించాం. చుట్టూ వేడి బూడిద, మూకుడు మీద గుప్పెడు నిప్పులు. ఒడిశా ఇళ్లల్లో ఈ పద్ధతి కొత్త కాదు. జూన్‌లో రజ పండగకి బియ్యం, మినప్పప్పు రుబ్బి, కొబ్బరి, బెల్లం కలిపి, ఆకులో చుట్టి ఆరిపోతున్న పొయ్యిలో రాత్రంతా పెడతారు. తెల్లారేసరికి పోడపిఠా తయారు. ఓవెన్ లేని చోట కిందా పైనా ఒకే వేడి ఇచ్చేది కుమ్మే. బొంగులో చికెన్‌కి ఎంత పేరొచ్చినా ఈ పనికి బొంగు సరిపోదు. బొంగు గంటలో మాడిపోతుంది, ఆ గంట కోడికి చాలు, పచ్చి పిక్కలకి చాలు, ఎండు పిక్కలకి చాలదు.

అర్ధరాత్రి దాటాక చప్పుడైతే లేచి చూశాను. పెద్దమ్మగారు చీపురుపుల్లతో పిండి తొలిచి, మూకుడు ఎత్తి, చెంబుతో నీళ్లు పోస్తున్నారు. వేడినీళ్లే. మరుగుతున్న పిక్కల మీద చన్నీళ్లు పోస్తే బిర్రబిగుస్తాయని ఆవిడ నమ్మకం. నేను వాదించలేదు.

తెల్లవారకముందే బావగారు, నేను మాంసం దుకాణం ముందు వరసలో నిలబడ్డాం. పిక్కల్లోకి లేత మాంసం దండగ. ముదురు మేక, కాళ్లు, మెడ, కాస్త డొక్క. కాళ్లలోని నరాలు, కీళ్ల దగ్గరి తెల్లటి పొర నిదానంగా ఉడికితే కరిగి జిగురవుతాయి. పిక్కల రసానికి చిక్కదనం ఆ జిగురుది. బావగారికి తొడ ముక్కలు కావాలి. చివరికి కిలోన్నరలో అర్ధకిలో తొడకి ఒప్పుకున్నాను. ఇంకో కిలో తీసుకుందామని దారంతా గునుస్తూనే ఉన్నారు.

హాతీపత్థర్ ఊరికి దగ్గరే. ఏనుగు వీపుల్లాంటి బండల మధ్య నాగావళి విరుచుకుపడే చోటు. కాలహండి కొండల్లో పుట్టిన ఈ ఏరే కిందికి వెళ్లి శ్రీకాకుళం పక్కన సముద్రంలో కలుస్తుంది. జనవరి ఆదివారాల్లో ఇక్కడ బండకొక పొయ్యి. ఒక గుంపు స్పీకర్లో సంబల్‌పురి పాట, ఇంకో గుంపు స్పీకర్లో చిరంజీవి పాట. ఈ ఊరివాళ్లకి రెండు రకాల వనభోజనాలున్నాయి. కార్తీకంలో తెలుగు ఇళ్లవాళ్లు ఉసిరిచెట్టు కింద నీచు లేకుండా తింటారు. ఒడియా ఇళ్లల్లోనూ కార్తీకమంతా మాంసం ముట్టనివాళ్లు ఎక్కువ, పౌర్ణమి మర్నాడు ఛాడఖాయి అని నెల బాకీ తీర్చుకుంటారు. ఆ రోజు మొదలైన ఊపు జనవరి దాకా నడుస్తుంది. పెద్దక్క ఇల్లు రెండింటికీ హాజరు, ఏ పంచాయితీ లేకుండా.

మూడు రాళ్ల పొయ్యి మీద ఇత్తడి దేగిసా. ఆవనూనె పొగలొచ్చేదాకా కాగాలి, లేకపోతే ఘాటు పోదు. ఉల్లిపాయలు ఎర్రబడ్డాక మాంసం. నీరంతా ఇగిరి అడుగంటబోయేదాకా వేయించి, అప్పుడు కారం, ధనియాలు, దాల్చినచెక్క, కుందులి అల్లం ఇంకో ముద్ద, వేడినీళ్లు. గంటన్నర. ముక్క గోటికి తెగుతుందనగా రాత్రి కుండ తెరిచాం. పిక్కలు రెట్టింపై, చుక్కలు మసకబారి, ఒక్కటీ చిట్లకుండా ఉన్నాయి. వాటి రసంతో సహా దేగిసాలోకి దించి అరగంట. ఆ తర్వాతే చింతపండు పులుసు, అనకాపల్లి బెల్లం.

బెల్లం దగ్గర కొంచెం గొడవైంది. పొరుగింటి ఒడియా ఆయన మాంసంలో బెల్లమేమిటన్నాడు. పెద్దక్క తగ్గలేదు. "పులుసన్నాక బెల్లం పడాల. మా పార్తీపురంలో బెల్లం లేని పులుసు సత్రం పులుసంటారు." ఉత్తరాంధ్ర నాలుకకి పులుపు, తీపి, కారం ఒకేసారి తగలాలి. బోస్టన్ వాళ్ల చెరకు మడ్డి రుచి వీళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు. కిలో పిక్కలకి నిమ్మకాయంత బెల్లం, అంతకు మించితే పాయసమవుతుంది. ఆఖర్న దేగిసా మీద పళ్లెం, పళ్లెం మీద నిప్పులు, ఇరవై నిమిషాలు. పైపొర ఎండి ముదురు ఎరుపుకి తిరిగింది. ఆ పొర కోసం పిల్లలు పోట్లాడుకున్నారు.

వడ్డన అడ్డాకు విస్తళ్లలో. అన్నం ఒక పక్క, చోడి ముద్ద ఒక పక్క. నా ఓటు చోడి ముద్దకే. అన్నంలో ఈ కూర పలచబడుతుంది, చోడి ముద్ద రసాన్ని పట్టి ఉంచుతుంది. ముడుసులు పెద్దమ్మగారి విస్తట్లోకి ఎవరూ చెప్పకుండానే చేరాయి. పొరుగింటి వాళ్లు టమాటా ఖట్టా తెచ్చి, మారుగా ఒక గిన్నెడు పిక్కలు పట్టుకెళ్లారు. బెల్లం మాట మళ్లీ ఎత్తలేదు, గిన్నె మాత్రం రెండోసారి వచ్చింది. బండల అవతల ఎవరో జీలుగు కల్లు కుండతో దిగారు. మా గుంపులో మగాళ్లు ఒక్కొక్కరే ఏరు చూసొస్తామని అటు వెళ్లారు. బావగారు తిరిగొచ్చి, విస్తరి తుడిచినట్టు తిని, తీర్పు చెప్పారు. "బాగుంది బావా. మాంసం ఇంకో కిలో పడుంటే అసలు..." పెద్దక్క ఆ మాట పూర్తికానివ్వలేదు.

ఇంట్లో చేసుకునేవాళ్లకి కుమ్ము ఎక్కడ దొరుకుతుందంటే, కుక్కరు ఉంది. నానిన పిక్కలు మరిగించి నీళ్లు పారబోశాక నాలుగైదు కూతలు. మాంసం వేరుగా ముప్పాతిక వంతు ఉడికించుకోవాలి. రెండూ కలిపి మందపాటి గిన్నెలో, అడుగున పెనం పెట్టి, సన్నని సెగ మీద గంట. కుక్కరులోనే అంతా కానిచ్చేస్తే పిక్క చిట్లి పప్పైపోతుంది. తినొచ్చు గానీ దానికోసం పాతికమందిని పిలవక్కర్లేదు. ఓవెన్ ఉన్నవాళ్లు ఆ ఆఖరి గంట 150 డిగ్రీల దగ్గర, మూత తీసి పెడితే పైపొర వస్తుంది.

బుధవారం చాటికొన సంతకి వెళ్లాను. నియమగిరి నుంచి డోంగ్రియా కోంధులు దిగే సంత ఇది. 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు బాక్సైటు తవ్వకాల సంగతి గ్రామసభలే తేల్చాలని చెబితే, ఆ ఏడు గ్రామసభలు జరిగిన 12 ఊళ్లూ వరసగా వద్దన్నది ఈ కొండ గురించే. తెల్లటి నేతబట్ట, ముక్కుకి మూడు పోగులు, జుట్టులో చిన్న చాకు. వాళ్ల గంపల్లో పసుపు, కందులు, బొబ్బర్లు, చిక్కుడు పిక్కలు. వాళ్ల మాట కువి. నాకు దుబాసీ దొరికింది మళ్లీ తెలుగాయనే, సంత పక్కన ఉప్పూ పొగాకూ అమ్ముకునే దుకాణదారు.

పిక్కలు కొలుస్తున్న పెద్దావిణ్ణి మీరు మాంసంతో ఎలా వండుతారని అడిగించాను. మాంసం రోజూ ఎక్కడిదంది. పండగకి దున్ననో మేకనో బలిచ్చినప్పుడు ఊరంతా వాటాలు వేసుకుంటారు. వచ్చిన వాటాలో కొంత అప్పుడే తిని, మిగతాది చీలికలు చేసి పొయ్యి మీద దండెం కట్టి ఎండబెడతారు. పొగకి నల్లబడి కట్టెలా బిగుసుకుంటుంది. కావలసినప్పుడు ఒక చీలిక దంచి పిక్కల కుండలో పడేయడమే. నూనె లేదు, పులుపు లేదు, ఉప్పొక్కటే. బెల్లం సంగతి చెబితే ఆవిడ నవ్విన నవ్వుకి పక్కనున్న ఇద్దరూ ఏమిటేమిటని అడిగి తెలుసుకుని మరీ నవ్వారు.

ఇంతకీ నువ్వెంత మాంసం వేశావని ఆవిడ ఎదురడిగింది. రెండు కిలోల పిక్కలకి కిలోన్నర అన్నాను. దుకాణదారు చేతులతో కొలత చూపిస్తూ చెప్పాడు. ఆవిడ కొలుస్తున్న డబ్బా ఆపి నావైపు చూసి ఏదో అంది, ఈసారి నవ్వకుండా.

"అంత మాంసం దేనికీ, పిక్కల రుచంతా పాడైపోలేదా అనడుగుతోందండి."